బండ కింది పేరు

అందరూ బాగుండారా? గేటు కాడ కూచునే వాచ్‌మన్ అన్నా, మోకాళ్ల వాపు దిగినాదా? ఎండలో తిరగొద్దని మా వదిన చెప్తానే ఉండె, నువ్వు తిరుగుతానే ఉంటివి. కోయిలకుంట్ల పాపా, దగ్గు తగ్గినాదా, ఇంకా ఆ ఫ్రిజ్ నీళ్లే తాగుతాండావా? కిరాణా అంగడి శెట్టిగారూ, మీ షుగరు ఎట్లుండాది? హాస్టల్లో పిల్లోళ్లందరూ వేళకు తింటాండారా? నా సంగతి అడగొద్దండి. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నానా, మరిచిపోయి రెండోసారి కూడా వేసుకున్నానా అని కూచున్న చోటే భయపడతాండా. మా వదిన పోయినప్పటి నుంచి నాకు ఏదీ తేటగా తెలీడం లేదు.

ఆమె మా ఆయనకు అక్క. నంద్యాలలో టీచరు చేసి రిటైరైనాది. మొన్న సోమవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూచుని అట్లే పోయినాదంట. ఆళ్లగడ్డకు ఫోనొస్తే నేను, "గ్లాసు కడిగినాదా? అట్లయితే బాగుండాదిలే" అన్నా. అవతల వాళ్లు ఏమనుకున్నారో ఏమో. నంద్యాల బస్సెక్కినాకే నాకు ఏడుపొచ్చినాది.

కాలేజీ పిల్లలు ఆమె మీద చిన్న పుస్తకం వేస్తాండారంట. నువ్వూ రాయవ్వా అన్నారు. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి, నన్ను మాత్రం అడగొద్దండి.

మా వదిన ఇల్లు యూనివర్సిటీ వాళ్ల పీజీ సెంటరు వెనకనే. పొద్దున లోపలికి నడకకు పోయేది. పిల్లలు క్యాంటీన్ మెట్ల మీద, బైకుల మీద, యాడ నీడ దొరికితే ఆడ పుస్తకాలు పట్టుకోని కూచునేది చూసి ఆమెకు మనసు ఆగలేదు. నేను అడిగినా. "లోపల అంత పెద్ద బిల్డింగులుండాయి, లైబ్రరీ ఉండాది. బయట యాల కూచుంటారు వదినా, వడదెబ్బ తగలదా?"

"లైబ్రరీలో నోరు తెరవకూడదుమే. క్లాసు అయిపోతే గదికి తాళం. నీకు తెలిసింది నాకు చెప్పు, నాకు తెలిసింది నీకు చెప్తా అని నలుగురు కూచునే తావు యాడుండాది?"

నాకు అర్థం కాలేదు. చదువంటే నోరు మూసుకోని చదివేదే కదా అనుకుంటి. ఇప్పుడూ పూర్తిగా అర్థమైనాదని చెప్పలేను.

ఆఫీసులో అడిగితే చెట్ల కింద తావు ఇస్తామన్నారు, దుడ్లు మాత్రం లేవన్నారు. అప్పుడు మా వదిన చేసిన పని చూసి నేను సిగ్గుతో చచ్చినా. ఎవరన్నా పోతే, దినాల రోజు పోయినవాళ్ల పేరు కొట్టించిన స్టీలు గిన్నెలు పంచుతారు కదా మన పక్కల. ఈమె ఆ ఇళ్లకు పోయేది. చర్చిలో ప్రార్థన పెట్టుకునే వాళ్ల ఇళ్లకూ పోయేది. "మీ ఇంట్లో అటక మీద పేర్లు కొట్టిన గిన్నెలు ఎన్నుండాయో చూసుకోండి. ఎవరన్నా వాటిల్లో తింటాండారా? ఇంకో గిన్నె యాల? ఆ దుడ్లతో మీ నాయన పేరు మీద కాలేజీలో పిల్లోళ్లు కూచునే బండ ఒకటి వేయించండి" అనేది.

"చావింట్లో చందాలేంది వదినా, తన్ని పంపుతారు" అంటి.

"చందా కాదుమే. గిన్నె మాన్పిస్తాండా."

తన్నలేదు ఎవరూ. బేతంచెర్ల నుంచి బండలు లారీలో వచ్చినాయి. కానుగ చెట్ల కింద రాతి కాళ్లు నాటి, వాటి మీద నున్నగా పాలిష్ పెట్టిన బండలు పరిచినారు. ఇచ్చినోళ్లు ఊరుకుంటారా? ఒక్కో బండ మీద నడిమధ్యలో పెద్ద అక్షరాలతో వాళ్ల నాయన పేరో, అమ్మ పేరో చెక్కించి నల్లరంగు నింపినారు. చూసేదానికి బాగుండె. మా వదిన ఫోను చేసి "రా మే, చూద్దువు" అంటే నేనూ పోయినా.

పోయి చూస్తే ఏముండాది! పిల్లలు పుస్తకాలు, టిఫిన్ డబ్బాలు బండల మీద పెట్టి, వాళ్లు మాత్రం కింద మట్టిలో కూచుండారు. ఒక పిల్ల కాలు తగిలితే బండకు మొక్కి కళ్లకద్దుకుంటాంది. పెద్దోళ్ల పేరు మీద ఎట్లా కూచుంటారు పాపం? మనం నేర్పిందే కదా వాళ్లకు. "మనమేమన్నా పిచ్చోళ్లమా మే?" అన్నాది మా వదిన నాతో. నన్ను కూడా యాల కలిపిందో.

వారం తిరగకముందే కూలీలను పిలిచి బండలన్నీ తిరగేయించినాది. పేర్లు కిందికి పోయినాయి, గరుకు పక్క పైకొచ్చినాది. "గరుకే మేలు. నున్నటిదాని మీద పరీక్షలప్పుడు జారిపోతారు" అని నవ్వినాది.

శెట్టిగారు వచ్చినారు అంగడి మూసి మరీ. రాస్తే మీరు కోప్పడరు కదా శెట్టిగారూ? "మా నాయన పేరు మన్నులోకి తిప్పుతావా టీచరమ్మా? కొడుకును నేను బతికుండంగానే?" అని అరిచినారు. మా వదిన మాత్రం తువ్వాలతో బండ మీద పిట్టల రెట్ట తుడుస్తానే ఉండాది.

"మన్నులోకి కాదప్పా. మోసేటోడు కిందనే కదా ఉండేది. మీ నాయన పిల్లోళ్లను మోస్తాండాడు."

"మోసేదానికి ఆయన హమాలీనా? మర్చంటు!"

"మూట ఎత్తకుండానే మర్చంటు అయినాడా?"

శెట్టిగారు వంగి బండ గరుకును చేత్తో తడిమినారు. ఆ పైన, "ఎత్తినాడు. శనగమూటలు. వీపంతా కాయలు కాసిండె" అన్నారు. టీ తాగి పోయినారు. ఒప్పుకున్నారో, అలిసిపోయినారో నాకు తెలీదు.

అప్పటి నుంచి కొత్తగా ఎవరొచ్చి కూచున్నా మా వదిన ఒకటే అడిగేది. "ఎవరి మీద కూచుండావో తెలుసునా?" పిల్లోళ్లు ఎగిరి లేచేవాళ్లు. "లేయొద్దు, కూచో. ఈయన కిరాణా శెట్టి. తూకం వేసినాక పిడికెడు ఎక్కువ పోసేవాడు. ఆ చివర ఉండేది మంత్రసాని మేరమ్మ. సగం ఊరు ఆమె చేతుల్లో పుట్టినాది. గట్టిగా చదువుకోండి, ఆమె అరుపులకు అలవాటు పడిన మనిషే" అని చెప్పేది. పోను పోను పిల్లలు ఫోన్లలో "మేరమ్మ కాడుండా, నోట్సు తీసుకోని రా" అనుకునేవాళ్లు. మొదటిసారి విన్నప్పుడు నేను దడుచుకున్నా.

ఇప్పుడు మా వదినకు బండ వేయాల. ఇంట్లో మిగిలిన పెద్దదాన్ని నేనే అంట, ఎట్లా వేయాలో నన్ను చెప్పమంటారు. ఆమె మాటలు తలుచుకుంటే ఇంకా అయోమయం. మా ఆయన దినాలప్పుడు "నాకు మాత్రం బండాగిండా వద్దుమే" అన్నాది. తను చనిపోయేదానికి ముందు బస్టాండులో నన్ను ఎక్కిస్తా "కానుగ చెట్టు కింద ఇంకొకటి పడుతుందిమే" అన్నాది. అది తనకా, వేరేవాళ్లకా? అడిగేలోపల బస్సు కదిలె.

ఆమె కొడుకు కర్నూలు నుంచి ఫోను చేసినాడు. "అత్తా, మా అమ్మ పేరు పైనే ఉండాల. అన్ని బండలు వేయించిన మనిషి. కిందికేస్తే ఎవరికి కనపడుతుంది?" వానిదీ నిజమే కదా. కోయిలకుంట్ల పాప హాస్టల్ నుంచి వచ్చి, "అవ్వా, పైన రాస్తే చచ్చినా కూచోలేము. టీచరమ్మ పేరు మీదనా?" అనె. దానిదీ నిజమే. ఎవరు చెప్పినా నాకు అదే నిజమనిపిస్తాంది.

"కిందికేస్తే మీరు కొత్తోళ్లకు చెప్తారు కదా పాపా?" అంటి.

"మేము ఏప్రిల్లో పోతామవ్వా. వచ్చేవాళ్లకు మేరమ్మ ఎవరో, శెట్టి ఎవరో యాడ తెలుస్తాది? చెప్పే మనిషే పోయె."

ఆ మాట నా గుండెలో పడినాది. ఆమె బండ ఒక్కటే కాదు, అందరి పేర్లూ నేలను చూస్తా ఉండిపోతాయి. అన్నం సయించలేదు. పైకి తిప్పితే కూచునేవాళ్లుండరు, కింద పెడితే పలికేవాళ్లుండరు.

వదిన కొడుకుకు ఫోను చేసి, పేరు కిందికే వేయిస్తాండా అని చెప్పినా. వాడు, "మరి చెప్పేదెవరత్తా?" అనె. "నేను చెప్తాలేరా" అని నోటికొచ్చేసినాది. ఏ గేటులో పోవాలో తెలీదు. ఎవరన్నా నీకేం పని ముసలమ్మా అంటే? పరీక్షలప్పుడు అడ్డం పోతే? మా వదిన గురించి చెప్పమంటే ఏం చెప్తా నేను? కాఫీలో చక్కెర రెండుసార్లు వేసుకోని ఒకసారే అని అబద్ధమాడేది, అది చెప్పనా?

నిన్న మా ఆళ్లగడ్డలోనే శిల్పి అంగడికి పోయినా, అక్షరాలు ఎంతవరకొచ్చినాయో చూద్దామని. సగం చెక్కిన నందులు, ముక్కు లేని వినాయకుళ్ల మధ్యలో మా వదిన బండ పరుండాది. ఆ శిల్పి దాని మీదనే బాసింపట్టు వేసుకోని కూచుని, వంగి ఆమె పేరు చెక్కుతాండాడు. "ఏందప్పా, ఆమె మీదనే కూచుంటివి!" అని అరిచినా. ఆయన ఉలి ఆపి, "ఇట్ల కూచోకుంటే చెయ్యి ఆనదవ్వా" అన్నాడు. అక్షరాల్లోని తెల్లదుమ్మును నోటితో ఊది, కొంచెం పక్కకు జరిగి నాకూ తావు చూపించినాడు. కాళ్లు లాగుతాంటే నేనూ కూచున్నా. చల్లగా ఉండాది.

వచ్చే గురువారం పొద్దున బండ ట్రాక్టరులో వస్తాది, నేను బస్సులో వస్తా. గేటు కాడ ఎవరన్నా ఉండండి.