ఇంటి డబ్బా

అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడిపే వరలక్ష్మి గారికి తనదైన నిఘంటువు ఒకటి ఉంది. కవరంటే కాగితాలు, పేరున్న మనిషి తప్ప ఎవరూ ముట్టకూడదు. ఆర్డరంటే ఆన్‌లైన్ బట్టలు, వచ్చినంత వేగంగా సగం వెనక్కి పోతాయి. పార్సిలంటే బిర్యానీ. ఊరి నుంచి బస్సులో వచ్చే అట్టపెట్టె మాత్రం 'ఇంటి డబ్బా'. దాన్ని భోజనాల దగ్గర అందరి ముందూ విప్పాలి, సగం పంచాలి. డబ్బా వచ్చిన పిల్ల ఊళ్లో లేకపోతే చీమలు పట్టకముందే తినేయాలి. ఈ చట్టానికి తిరుగులేదు.

ఆ ఆదివారం ఆటో నరేశ్ ఓ డబ్బా దించాడు.

"రవళి అని ఉన్నదమ్మా. జర తీసుకోండ్రి, ఇంకా మస్తు డబ్బాలున్నయ్."

రవళి చుట్టాల పెళ్లికని ఊరెళ్లింది కదా, అనుకున్నారు వరలక్ష్మి గారు. విప్పితే సున్నుండలు! నేతి వాసనకి పిల్లలంతా మెట్లు దిగొచ్చారు. చూస్తుండగానే డబ్బా ఖాళీ. వద్దు వద్దంటూనే ఆవిడా రెండు లాగించారు.

మర్నాడు గుమ్మంలో ఇంకో రవళి ప్రత్యక్షం. తెనాలి పిల్ల, పోయిన నెలే ఇక్కణ్ణించి పంజాగుట్ట హాస్టల్‌కి మారింది.

"అమ్మ పాత అడ్రసుకే పంపేసిందండీ. చేతికి ఆపరేషనయ్యాక మొదటిసారి చేసింది. రుచి ఎలా ఉందో చెప్పమని ఒకటే ఫోన్లు. చేతి రుచి పోయిందేమోనని బెంగ పెట్టుకుంది."

వరలక్ష్మి గారు సిగ్గుతో చచ్చిపోతూనే జరిగింది చెప్పారు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే ఫోన్ మోగింది, వీడియోలో వాళ్లమ్మ.

"అందిందా? ఎలా ఉన్నాయే?"

రవళి ఫోన్ వరలక్ష్మి గారి చేతిలో పెట్టింది.

"తప్పు నాదండీ," అన్నారు వరలక్ష్మి గారు. "పేరు చూశాను గానీ ఏ రవళో చూసుకోలేదు. మేమే తినేశాం. మీ అమ్మాయికి ఒక్కటీ మిగల్చలేదు."

"ఒక్కటీ మిగల్లేదా?"

"డబ్బా అడుగున పొడి కూడా నాకేశారండీ పిల్లలు."

ఆ తల్లి మొహం విచ్చుకుంది. "కూతురైతే ఎలా ఉన్నా బాగుందనే అంటుందండీ, దాని మాట నమ్మేదెలా? మీరు మిగల్చలేదంటే నా చెయ్యి బాగుపడ్డట్టే!"

ఆపరేషనైన చేతిని ఫోన్ ముందుకి తెచ్చి, వేళ్లు ఒక్కొక్కటే ఆడించి చూపించింది.