బావికో పునీతుడు

లారీ షెడ్డులో గ్రీజు పూసుకుంటూ పెరిగిన చమురాయనకు రెండే గట్టి నమ్మకాలు: పైన దేవుడున్నాడు, కింద చమురుంది. మొదటిదాన్ని చూపించమని ఎవరూ అడగలేదు. రెండోదాన్ని చూపించమని ఇంటిల్లిపాదీ నెత్తినెక్కి కూర్చున్నారు.

చమురు కోసం తవ్వించిన ప్రతి బావికీ ఆయన చర్చిలో కొలిచే ఒక పునీతుడి పేరు పెట్టేవాడు. పోయిన వస్తువులు దొరికించే పునీతుడి బావిలో బురద పడింది. అసాధ్యాలను సాధించిపెట్టే పునీతుడి బావిలో ఉప్పునీళ్ళు పడ్డాయి. చివరికి ఓ ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ ఆయన్ని పక్కకు పిలిచాడు.

"ఏమయ్యా, స్వర్గంలో ఉన్నవాళ్ళ పరువెందుకు తీస్తావు? ఈసారి భూమ్మీద ఉన్నవాళ్ళ పేరేదైనా చూసుకో."

ఆయన మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. గుడ్డలు మడతపెడుతున్న భార్య సంగతంతా విని నవ్వింది.

"మా అమ్మ పేరు పెట్టండి. ఎవరు కడుపులో ఏం దాచుకున్నా కక్కించేదాకా వదలదు."

"మీ అమ్మ పేరా!" అని ఆయన సిలువ గుర్తు వేసుకున్నాడు. గత్యంతరం లేక పెట్టాడు. ఆ బావిలోంచి చమురు ఎగజిమ్మి ఆయన తెల్లచొక్కాను నల్లగా ముంచేసింది.

తర్వాత ఆయన కంపెనీ పెట్టాడు, ఏడుగురు పిల్లలకు పెళ్ళిళ్ళు చేశాడు. రోజూ సాయంత్రం మనవలందరినీ మోకరింపజేసి పునీతుల ప్రార్థన చెప్పించేవాడు. ఆయన ఒక్కో పునీతుడి పేరు చదివితే, వాళ్ళు "మా కొరకు వేడుకొనండి" అనేవారు. పేర్లన్నీ అయిపోయి పుస్తకం మూయబోతుంటే, మూలనున్న వాలుకుర్చీలోంచి ఓ దగ్గు వినిపించేది.

ఆయన పళ్ళు కొరికి, తల వంచి, "అత్తయ్యగారూ..." అనేవాడు.

"మా కొరకు వేడుకొనండి!" అని మనవలు ఇల్లెగిరిపోయేలా అందుకునేవారు.

అప్పుడుగానీ ఆవిడ ఆమెన్ అనేది కాదు.