ఆ ఇంటి కామెర్లు

హైమవతి పుట్టింట్లో ఆడవాళ్లు పోయింది రొమ్ము క్యాన్సరుతో. ఊరికి చెప్పింది కామెర్లని. తల్లికి కామెర్లు, అక్క సుభద్రకీ కామెర్లే. నూజివీడు బజారులో ఒకావిడ అడగనే అడిగింది, "మీ ఇంటి ఆడాళ్లకి ఇంకో జబ్బు రాదేంటమ్మా?" అని.

అక్క పుండుకి ఆఖరిదాకా కట్లు కట్టింది హైమవతే. ఆ వాసన ముక్కు వదల్లేదు. తనకింకా ఏమీ రాలేదు. రాకముందే రొమ్ములు తీయించుకుంటానని ఎనభై నాలుగు వేసవిలో పట్టుబట్టింది. మొగుడు లక్ష్మీనారాయణ మామిడికాయల వ్యాపారి. పెళ్లప్పుడు ఆయనకీ కామెర్లనే చెప్పారు.

"మీ అక్క పుండు నేను చూళ్లేదు. డాక్టరు ముందు మీ అన్నయ్య ఔనంటే ఆపరేషనుకి సంతకం పెడతా" అన్నాడు.

అన్న శేషగిరిరావు ఆమెని బెజవాడ తీసుకెళ్లాడు. సర్జను పరీక్ష చేసి, "గడ్డేం లేదమ్మా. బాగున్నదాన్ని కొయ్యమంటావేంటి?" అన్నాడు.

"మా అమ్మకొచ్చిందండీ. అక్కకీ వచ్చింది."

డాక్టరు కళ్లజోడు తీశాడు. "ఇద్దరికీనా? కొన్ని వంశాల్లో దిగుతుంది. అలాంటప్పుడు ముందే తీసెయ్యడం కూడా ఉంది." అన్న వైపు తిరిగాడు. "నిజమేనాండీ? అన్నట్టు, మా పక్కింటి భాస్కరరావుతో వియ్యమందేది మీరేగా?"

శేషగిరిరావు కూతురు కమలకి తాంబూలాలు వచ్చే వారమే.

"అబ్బే, అదేం లేదండీ. ఇద్దరూ కామెర్లతోనే పోయారు. ఇదే బెంగ పెట్టుకుంది."

"అన్నయ్యా, కట్లు కట్టింది నేను."

"ఊరుకో తల్లీ."

డాక్టరు మగమనిషి మాటే నమ్మాడు. నిద్రమాత్రలు రాసిచ్చాడు.

హనుమాన్ జంక్షన్లో నూజివీడు బస్సు కోసం దిగారు. అన్న కొనిచ్చిన గోలీసోడా తాగకుండా పట్టుకుని నిలబడింది హైమవతి.

"కమల పెళ్లి కానియ్యి. మళ్లీ నేనే తీసుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్తా, ఒట్టు."

"పెళ్లయితే దాని కాపురం అడ్డమొస్తుంది. తర్వాత దానికో కూతురు పుడుతుంది, దాని పెళ్లి అడ్డమొస్తుంది. ఎప్పుడు చెప్తావు?"

ఆయన బస్సొచ్చే దారి వైపు చూశాడు.

"కమలకే వస్తే?"

"పాడు మాటలు మాట్లాడకు" అన్నాడు.

బస్సు రాగానే కిటికీలోంచి కండువా విసిరి, జనాన్ని తోసుకుని ఎక్కి, చెల్లెలికి సీటు పట్టాడు. ఆమె కూచుంది. పక్కనే కడ్డీ పట్టుకుని, ఎవరూ మీద పడకుండా కాపలా కాస్తూ, నూజివీడు దాకా నిలబడే వచ్చాడు.