చివరి దఫా యూరియా

గోధుమలకు నీళ్లు ఎప్పుడు పెట్టాలో, యూరియా ఎప్పుడివ్వాలో నేను నేర్చుకున్నది సైనిక్‌పురిలో, మా అత్తగారింటి పక్కనున్న రెండు వందల గజాల ఖాళీ స్థలంలో. నేర్పింది మా మామయ్యగారు. సైన్యంలో ఉన్నన్నాళ్లూ పంజాబు గోధుమ చేల మధ్య లారీ నడిపిన మనిషి. రిటైరై వచ్చాక ఆ స్థలంలో డ్రిప్పు పైపులు పరిచి టమాటాలు, వంకాయలు పండించేవారు. మొన్నటి చలికాలం ఉన్నట్టుండి గోధుమలన్నారు. "గీడ గోధుమలేంది, నీకేమన్న పిచ్చా?" అని అత్తయ్యగారు నవ్వారు. ఆయన వినలేదు. నవంబరులో విత్తేశారు.

దానికి నెల ముందు నాకు గర్భం పోయింది. ఐదు నెలలు నిండాక. ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి నా కోసం తెచ్చిన వదులు గౌన్లు, మాత్రల డబ్బా, క్యాలెండర్ మీద మా ఆయన పెట్టిన గుర్తులు, అన్నీ మాయమైపోయాయి. నా మంచికే చేశారు. మా ఆయన కూడా కార్ఖానా ఏరియాలో ఉన్న ఆఫీసుకి బయల్దేరేటప్పుడు "తిన్నావా?" అని మాత్రం అడిగేవాడు. ఆ బిడ్డ అసలు లేనేలేదన్నట్టు ఇంట్లో అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడేవారు. ఒక్కరంటే ఒక్కరు ఆ బిడ్డ గురించి మాట్లాడితే చాలని నాకుండేది. నా అంతట నాకు నోరు పెగిలేది కాదు. అసలే నాకు ముక్కు మీద కోపం. అదంతా గిన్నెల మీదా తలుపుల మీదా చూపించేదాన్ని.

మామయ్యగారికి మోకాళ్లు వంగవు. ఒకరోజు గుమ్మంలోంచి పిలిచారు. "ఇంట్ల కూసొని ఏం జేస్తవ్ బిడ్డా? నాతోని వంగుడు అయితలేదు. జెర వచ్చి పైపులు చూడు."

నేను విజయనగరం టౌన్లో గుమాస్తా గారి కూతురిని. గింజను బస్తాలో తప్ప మొక్క మీద చూడలేదు. అయినా వెళ్లాను. ఎందుకంటే ఆ పిలుపులో జాలి లేదు, నిజంగానే పనుంది.

విత్తిన ఇరవై రోజులకు మొక్కకు అసలు వేర్లు పుడతాయట. అప్పుడు నీళ్లు తప్పితే ఇక ఎన్ని పెట్టినా కోలుకోదట. యూరియా మొత్తం ఒక్కసారే ఇవ్వకూడదు, నాలుగు దఫాలుగా పంచాలి. బకెట్లో కరిగించి, ముందు కాసేపు ఉత్త నీళ్లు, తర్వాత యూరియా నీళ్లు, చివర్లో పైపులు కడిగినట్టు మళ్లీ కాసిని ఉత్త నీళ్లు వదలాలి. ఆ చివరి నీళ్లు ఎక్కువైతే యూరియా వేళ్లను దాటి నేలలోకి దిగిపోతుంది. "మనం పెట్టింది దాని నోటికందాలె బిడ్డా, కాళ్ల కిందికి పోవద్దు" అనేవారు.

నేను ఇంటి నుంచే కంప్యూటర్ పని చేస్తాను, ఏ పనికైనా పట్టిక వేయందే తోచదు. మొదటి దఫా వేర్లకు, రెండోది పిలకలకు, మూడోది కణుపులకు. అలా గళ్లు నింపుతూ నాలుగోది ఎప్పుడని అడిగాను. ఆయన గడ్డం గోక్కున్నారు. "గది రాయకు. టైమొచ్చినప్పుడు నేనే చెప్త."

ఆ టైమొచ్చేసరికి ఆయన కంటికి ఆపరేషన్ అయింది. పది రోజులు దుమ్ములోకి అడుగు పెట్టొద్దన్నారు డాక్టర్లు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని నన్ను ప్రశ్నలడిగేవారు.

"కాండం ఎట్లుంది?"

"పచ్చగా ఉంది మామయ్యగారూ."

"అది గాదు. జెర లావైందా?"

"లావంటే ఎంత?"

"లావంటే... లావే. అయినంక చెప్పు, యూరియా ఇద్దాం."

అంత మాత్రం తెలియదా అనుకుని, రోజూ ఒక దారం పట్టుకెళ్లి మొక్క మొదట్లో చుట్టి కొలిచాను. ఎన్నాళ్లు కొలిచినా అంతే ఉంది. రోజూ అదే చెప్పాను. "అయితది, చూస్తుండు" అనేవారు ఆయన.

పదకొండో రోజు పొద్దున్నే ఆయన చేలోకి వచ్చారు. అప్పటికే చాలా మొక్కలకు గింజ పట్టే వెన్నులు బయటికొచ్చాయి. కింది ఆకులు పసుపు తిరిగాయి.

"గిదేంది బిడ్డా, యూరియా ఇయ్యకముందే గింత దూరం వచ్చింది?"

"లావవ్వలేదు కదా!" దారం తీసి చూపించాను. "ఇదిగో, రోజూ కొలిచాను."

"కింద గాదు. మీద ఉబ్బుతది. వెన్ను లోపల ఉంటది గద."

నా కోపం కట్టలు తెంచుకుంది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా! ఇన్నాళ్లూ బుద్ధిలేనిదానిలా కింద కొలిచాను. పంట పాడైపోయింది. అసలు దానికి ఒక పేరంటూ లేదా?"

"ఉంది."

"మరి చెప్పరేం?"

ఆయన నా వైపు కాకుండా చేను వైపు చూశారు. "పొట్టకొచ్చుడంటరు బిడ్డా," అన్నారు మెల్లగా. "నీ ముంగట ఆ మాట ఎట్లనాలె?"

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. పొట్టకు రావడం, ఈనడం, పాలు పోసుకోవడం. పైరుకు వాడే మాటలన్నీ కడుపుతో ఉన్న ఆడదాని మాటలే. ఎదురుగా ఎవరున్నారో చూసుకోకుండా నోటికొచ్చింది అనేసే ఆ మనిషి, చలికాలమంతా నా కోసం ఆ మాటల చుట్టూ తిరిగి నడిచారు. దాని కోసం పంటనే పోగొట్టుకోబోయారు.

అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను. "అనండి మామయ్యగారూ," అన్నాను. "పొట్ట అనండి. నాకూ ఉండేది. ఐదు నెలలు ఉండేది. ఈ ఇంట్లో ఒక్కరూ అనరేం?"

ఆయన మోకాళ్లతో నా పక్కన కూర్చోలేరు. నిలబడే నా తల మీద చెయ్యి పెట్టారు. చాలాసేపు తీయలేదు. "ఆడపిల్ల అనుకున్న బిడ్డా," అన్నారు. "పేరు కూడ అనుకున్న." ఆ పేరు నాకు చెప్పారు. ఇక్కడ రాయను.

ఏడుపు తగ్గాక, ఇప్పుడు యూరియా ఇస్తే లాభముందా అని అడిగాను.

"గింజలు ఎక్కువ గావు. ఉన్న గింజకు బలమొస్తది. సగమే ఇద్దాం, ఎక్కువైతే పడిపోతది."

నేను బకెట్లో కలిపాను. నీళ్లు వదిలాక ఆయన ఇంటి వైపు తిరిగి, పెరేడ్‌లో అరిచినట్టు అరిచారు. "ఏమే, చేను పొట్ట దాటి ఈనుతున్నదే!"

వంటింట్లోంచి అత్తయ్యగారు హడలిపోతూ పరిగెత్తుకొచ్చారు. ఆయన్ని కళ్లతోనే తిట్టి, భయంభయంగా నా మొహం చూశారు. ఉబ్బిన కళ్లతో నేను నవ్వుతున్నాను. "ఫరవాలేదు అత్తయ్యగారూ, నేనే అనమన్నాను," అన్నాను.

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గట్టు మీద నన్ను ఆనుకుని కూర్చున్నారు. మొక్కల మొదట్లో నీళ్లు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. ఆవిడ ఒక వెన్నును వేలితో నిమిరారు.

"ఏ దిక్కు తన్నేది బిడ్డా?"

"ఎడమవైపు," అన్నాను. "పొద్దున నేను టీ తాగగానే."

"గట్లనా," అని దగ్గరికి జరిగారు. "ఇంకా చెప్పు."