ముడి లేని పొట్లం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా అలాంటి వీడియో పెడితే, ఎడిటింగ్ ఎక్కడ జరిగిందో ఆపి ఆపి చూపించి వాళ్లతో గొడవ పెట్టుకునే రకం నేను. ఒకసారి గ్రూపులోంచి తీసేశారు కూడా. అందుకని ఇది చదివి ఎవరైనా నాతో అదే గొడవ పెట్టుకుంటే నేను ఏమీ అనను. నా దగ్గర చూపించడానికి వీడియో కూడా మిగల్లేదు.

మాది హన్మకొండ. చౌరస్తా దగ్గర కిరాణా దుకాణం. మా బాపమ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, పోయిన వానాకాలం చనిపోయేదాకా గల్లా దగ్గరే కూర్చునేది. ప్లాస్టిక్ కవర్లు వచ్చినా ఆమె మాత్రం పేపర్ పొట్లమే కట్టేది. దారం చుట్టి, కొసకు ముడి వేయకుండా, వంకర తిరిగిన చిటికెన వేలితో లోపలికి దోపేది. ఎంత కుదిపినా ఊడదు. కొస పట్టి లాగితే మాత్రం మొత్తం విడిపోతుంది.

"ముడేస్తే గిరాకి ఇంటికి వోయి పండ్లతోని ఇప్పుకుంటడు. గుంజితే రావాలె" అనేది. ఆ కట్టు ఇంట్లో ఇంకెవరికీ రాలేదు. అమ్మ ప్రయత్నించి వదిలేసింది. నేను ప్రయత్నించనే లేదు.

మా అక్క గల్ఫ్‌లో ఉంటుంది. ఏ దేశమో రాయను. ఈ మధ్య అక్కకు నెలలు నిండాయి. అమ్మ వెళ్లాల్సింది, కానీ మెట్ల మీద జారి కాలికి కట్టు పడింది. దాంతో సామాను తీసుకుని నేను బయల్దేరాల్సి వచ్చింది.

అమ్మ కుర్చీలో కూర్చునే బాలింత సామాను సర్దింది. శొంఠి, వాము, కారప్పొడి, సకినాలు. అక్కను ఏడిపిద్దామని నేను ఫోన్‌లో వీడియో తీసి పంపాను. అందులో అమ్మ తెల్లటి గసగసాలు ఒక ప్లాస్టిక్ కవర్‌లో పోసి, రబ్బర్ బ్యాండ్ వేసి, వాము డబ్బా పక్కన పెట్టడం స్పష్టంగా కనిపించేది. "గసగసాలు నూరి పాలల్ల తాగితే దానికి జర నిద్ర వడ్తది" అన్న మాట కూడా వినిపించేది. ఆ తర్వాత బ్యాగుకు తాళం వేసింది నేనే.

గసగసాలు అక్కడ మత్తుమందు కింద లెక్క అని మాకు తెలియదు. మేం దుకాణంలో కిలోల లెక్కన అమ్ముతాం. మాకు అది కూరలో వేసే మసాలా.

హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో లగేజీ ఇచ్చే లైన్లో నా వెనక ఒకాయన నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. పేరు రాజయ్య, తాపీ మేస్త్రీ. నేను అమ్మతో ఫోన్‌లో మాట్లాడటం విని పలకరించాడు.

"తమ్మీ, మనది ఏడ?"

"హన్మకొండ."

"గట్లనా. మాది పరకాల దిక్కు." ఆయనకు విమానం ఎక్కడం అదే మొదటిసారి. ఇంటికి గోడలు లేచాయట, స్లాబ్ మిగిలిందట. గల్ఫ్‌లో పని దొరికింది కాబట్టి అది కూడా వేసేస్తానని చెప్పాడు. ఆయన నీలం సంచిలో సగం ఊరివాళ్లు తమ పిల్లలకు పంపిన పచ్చళ్లు, మందులే. గల్ఫ్ పోయేవాళ్లకు మా వైపు ఇది మామూలే. ఇచ్చినది వద్దంటే అప్పుడే కళ్లు నెత్తికెక్కాయంటారు.

నేను అడిగినదానికి జవాబు చెబుతూ ఫోన్ చూసుకుంటున్నాను. ఆయనకు నవ్వొచ్చింది.

"పొద్దటి సంది దాని మొఖమే చూస్తానవ్. అండ్ల పిల్ల గిట్ట ఉన్నదా?"

"క్రికెట్ అన్నా."

"గెలుస్తాండ్రా?"

"లేదు."

"మరి జరసేపు పక్కకు వెట్టు. నువ్వు చూడకుంటెనన్న గెలుస్తరు."

నేను పక్కకు పెట్టలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

అక్కడ దిగి, లగేజీ తీసుకుని, కస్టమ్స్ లైన్లోకి వచ్చాక నా ఫోన్‌కు వైఫై దొరికింది. అక్క మెసేజ్‌లు వరసగా పడ్డాయి. వీడియో ఇప్పుడే చూసిందట. "గసగసాలు పెట్టింది కదరా అమ్మ. ఇక్కడ దానికి జైలు. బయటికి తీసి పడెయ్యి. నాకు నొప్పులు మొదలైనయి, మీ బావ ఫోన్ ఎత్తుతలేడు."

ట్రాలీ వెనక్కి తిప్పాను. గార్డు చేత్తో ముందుకే పొమ్మన్నాడు. బాత్రూం అన్నాను. అయ్యాక వెళ్లమన్నాడు. మా చౌరస్తాలో ఎవడైనా నా బండికి అలా అడ్డం వస్తే నేను ఊరుకోను. అక్కడ మాత్రం చెప్పినట్టే విన్నాను. బ్యాగు నేనే ఎత్తి బెల్టు మీద పెట్టాను. అది లోపలికి పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

అటువైపు ఒక ఆఫీసర్ నా బ్యాగును పక్కకు లాగాడు. నా వెనకే లైన్లో ఉన్న రాజయ్యన్న సంచిని ఇంకొకతను పక్క టేబుల్ మీదికి లాగాడు.

నా బ్యాగులో ప్రతిదీ తీశారు. కారప్పొడి వాసన చూశారు. సకినాల డబ్బాలో చెయ్యి పెట్టి అడుగుదాకా కలిపారు, అన్నీ నుగ్గయ్యాయి. శొంఠి ముక్కలు ఒక్కొక్కటి తిప్పి చూశారు. ఫోన్ జేబులో పెట్టమన్నారు. నా చేతులను ఏం చేసుకోవాలో నాకు అర్థం కాలేదు. అక్క ఒక్కతే ఉంది, నేను ఇక్కడినుంచి లోపలికి పోతాను, అమ్మకు ఈ సంగతి ఎవరు చెబుతారు, ఇదే తిరుగుతోంది తలలో.

వాము డబ్బా తీశారు. దాని పక్కన ఏమీ లేదు. కవర్ పట్టేంత గుంట మాత్రం ఉంది. తాళం నేను వేసినట్టే ఉంది. వాళ్లు నా ముందే తీయించారు. అయిపోయింది, వెళ్లమన్నారు.

నేను సామాను తిరిగి కుక్కుకుంటూ పక్క టేబుల్ వైపు చూశాను. ఆ ఆఫీసర్ చేతిలో తెలుగు పేపర్‌తో కట్టిన పొట్లం ఉంది. దారానికి ముడి ఎక్కడుందా అని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ముడి లేదు. చివరికి కొస దొరికి లాగాడు. పొట్లం ఒక్కసారిగా విడిపోయింది. తెల్లటి గసగసాలు టేబుల్ మీద పరుచుకున్నాయి.

ఆ కట్టు నేను చిన్నప్పటినుంచి చూసినది. ఆ టేబుల్ వైపు నడిచాను.

"తమ్మీ, ఏమంటాండ్రు వీళ్లు?" అన్నాడు రాజయ్యన్న. ఆయనకు ఇంకా భయం కూడా పుట్టలేదు. "గసగసాలే గద? జర నువ్వు చెప్పు, నీకు ఇంగ్లీష్ వస్తది."

చెప్పాను. అవి మావి, మా అమ్మ పంపింది అన్నాను. సంచి ఎవరిది అని అడిగారు. ఆయనది. నీ బ్యాగులో దొరికిందా? లేదు. ఆయన నీకు ఏమవుతాడు? ఏమీ కాడు. అయితే వెళ్లు అన్నారు. వీడియో చూపిస్తే నమ్ముతారని ఫోన్ తీసి పైకి ఎత్తాను. నేను వాళ్లను రికార్డు చేస్తున్నానని అనుకున్నారు. ఇద్దరు వచ్చి నా రెక్కలు పట్టుకున్నారు. ఫోన్ లాక్కుని అందులోని వీడియోలన్నీ తీసేసి చేతిలో పెట్టారు. నన్ను తలుపు అవతలికి నెట్టారు. అద్దంలోంచి చూస్తే రాజయ్యన్న తన పచ్చడి సీసాల మూతలు సరిగ్గా పెడుతున్నాడు.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. నేను పంపిన వీడియోను అక్క భయంతో అప్పుడే తీసేసింది. బావ ఒకసారి పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాడు. రాజయ్యన్న ఇంటిపేరు తెలియదు, తండ్రి పేరు తెలియదు, మాకు ఏమీ కాడు. కౌంటర్ దగ్గర నుంచే పంపేశారు. నేను అరుస్తుంటే బావ నా నోరు మూసి బయటికి లాక్కొచ్చాడు.

అమ్మకు ఫోన్‌లో చెప్పాను. వంటింట్లో, దుకాణంలో వెతికించింది. ఆ కవర్ ఎక్కడా లేదు. పొట్లం కట్టు సంగతి కూడా చెప్పాను. "నాకు ఆ కట్టు రాదురా" అంది, అంతే.

తిరిగొచ్చాక బండి తీసుకుని పరకాల వెళ్లాను. మేస్త్రీల అడ్డా దగ్గర అడిగితే ఆయన ఊరు చెప్పారు. రాజయ్యన్న ఇంట్లోనే ఉన్నాడు. కొన్ని వారాలు లోపల పెట్టి వెనక్కి పంపారట. ఇక ఆ దేశం రానివ్వరట. గోడల పైన రేకులే ఉన్నాయి. ఆయన భార్య నీళ్లు తెచ్చి పెట్టి, నా మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆయన మీద నాకే కోపం వచ్చింది, ఎందుకో తెలియదు. "ఆ పొట్లం నీకు ఎక్కడిదన్నా?" అని గట్టిగానే అడిగాను.

"మా ఇంట్ల గసగసాలే వాడం తమ్మీ. ఎయిర్‌పోర్టు లైన్ల ఒక ముసలామె ఇచ్చింది. 'కొడుకా, గిది జర నీ సంచిల వెట్టుకో, మా పిలగాడు అవతల తీస్కుంటడు' అన్నది. మన దిక్కు మనిషి ఇస్తే వద్దంటమా?"

"ఎట్ల ఉన్నది?"

"సన్నగ. చెవులకు గంటీలు. చిటికెన ఏలు వంకర."

ఫోన్ తీశాను. అందులో వేల ఫొటోలు ఉంటాయి, బాపమ్మది ఒకటి వెతకడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఫోన్ కళ్ల దగ్గరికి తీసుకుని చూశాడు.

"గీమెనే. మీ ఇంటామె అనే అనుకున్న. నీ పక్కకే నిలవడ్డది గద. నీ భుజం మీద చెయ్యి గూడ ఏసింది. నువ్వు ఫోన్ చూస్తానవ్."

నేను ఫోన్ వెనక్కి తీసుకున్నాను.

"మీ బాపమ్మనా?"

తల ఊపాను. ఆమె చనిపోయిందని మాత్రం చెప్పలేదు.

"మరి ఒకసారి ఆమెను అడుగు తమ్మీ" అన్నాడు. గొంతులో కోపం లేదు. "నేనామెకు ఏం జేసిన?"

టికెట్ లేనిదే ఎవరినీ ఆ లైన్ దాకా రానివ్వరని నాకు తెలుసు. తాళం వేసిన బ్యాగులోంచి కవర్ ఎలా పోతుందో నాకు తెలియదు. ఎవరో ఆడిన నాటకం అనుకుందామన్నా, ఆ కట్టు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. బాపమ్మ నన్ను కాపాడింది అని అమ్మ అంటుంది. అమ్మ రాజయ్యన్న ఇల్లు చూడలేదు.

ఆ రోజు లైన్లో ఏ ఓవర్‌లో ఎవరు అవుటయ్యారో ఇప్పుడు అడిగినా చెప్పగలను. నా భుజం మీద చెయ్యి పడిందో లేదో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.