స్పీడు కలువలే

“ఖరాబైందనకు బిడ్డా. స్పీడు కలుస్తలేదను.”

ఆదివారం చర్చిలో వాక్యం చదివినంత గంభీరంగా అన్నాడు ప్రేమదాసు. నీలం రంగు కన్సోల్ కేబుల్ ఆయన మెడలో కండువాలా వేలాడుతోంది.

క్రిస్టీనా తల గోక్కుంది. నారాయణఖేడ్‌లో కంప్యూటర్లు బాగుచేసే ప్రేమదాసు పక్కన కూర్చుని, చూసి చూసి పని నేర్చుకున్న మనిషి ఆమె. ఆరేళ్లుగా ఈ మాటే వింటోంది. లోకంలో ఏదైనా ఖరాబవుతుందంటే ఆయన ఒప్పుకోడు. కల్హేర్ సంతకు పోతూ నడిదారిలో బండి ఆగితే, “పెట్రోలుకు, దూరానికి స్పీడు కలువలే” అని ఎండలో మూడు కిలోమీటర్లు తోశాడు. పన్ను ఊడితే తప్పు చెరుకుగడది కాదు, పన్నుది కాదు, రెండింటి స్పీడుది.

ఒకనాడు భార్య మణెమ్మ అన్నం మాడబెట్టింది.

“మాడలే. మంటకు, బియ్యానికి స్పీడు కలువలే” అన్నాడు.

“గట్లనా? ఇయ్యాల నా గంటెకు, నీ పళ్లేనికి కూడ కలుస్తలేదు” అని ఆమె గిన్నె లోపల పెట్టేసింది. ఆ పూట ఆయన అరటిపండు తిని పడుకున్నాడు. అప్పుడు కూడా ఖరాబు అనలేదు.

ఇప్పుడు వాళ్లు కూర్చున్నది కాలేజీ ఆఫీసులో. అన్ని కంప్యూటర్ల వైర్లూ వచ్చి కలిసే పెద్ద డబ్బా మొన్నటి ఉరుముల వాన తర్వాత మొండికేసింది. నెట్టు పోయింది. దూరం నుంచి పిలిస్తే డబ్బా పలకడం లేదు. అలాంటప్పుడు దాని పక్కనే కూర్చుని, ఈ నీలం కేబుల్ ఒక కొన డబ్బాకు, ఇంకో కొన ల్యాప్‌టాప్‌కు పెట్టి నేరుగా మాట్లాడాలి. క్రిస్టీనా పెట్టింది. తెర నిండా పిచ్చి గీతలు, చదరాలు, ప్రశ్నార్థకాలు.

“గిది చైనా భాష. కొత్తది కొందాం” అన్నాడు ప్రిన్సిపాల్.

“దానికి తెలిసింది తొమ్మిదివేల ఆరువందల స్పీడు. బిడ్డ లక్షా పదిహేనువేలతోని అడుగుతుంది. పాపం, గదేం జెప్తది?” అంటూ ప్రేమదాసు ల్యాప్‌టాప్‌లో అంకె మార్చి ఎంటర్ కొట్టాడు. గీతలు పోయి చక్కటి అక్షరాలు వచ్చాయి. డబ్బా పాస్‌వర్డ్ అడిగింది.

“గది పెట్టింది మా ఆఫీసుల పనిచేసే స్తెఫను” అన్నాడు ప్రిన్సిపాల్. “పక్షవాతమొచ్చి నాలుగు నెలలాయె. మాట్లాడితే ఒక్క ముక్క సమజ్ కాదు. నౌకరీల నుంచి తీసేసే కాయితం గూడ తయారయింది. సోమవారం పంపుతున్న.”

ప్రేమదాసు కేబుల్ తీసి మెడలో వేసుకున్నాడు. “సోమవారం ఇంకా రాలే గదా. పోయి అడిగొస్తం.”

కల్హేర్‌లో స్తెఫను ఇంటి ముందు అతని భార్య ఆనందమ్మ ఎదురొచ్చింది. “ఏమడుగుతవ్ అన్నా? మాటలన్ని కలిసిపోయినయ్. మనిషి ఖరాబైండు.”

“ఖరాబైండనకు చెల్లే” అని ఆయన స్తెఫను మంచం పక్కన స్టూలు వేసుకున్నాడు.

“స్తెఫనూ. డబ్బా. పాస్‌వర్డ్.”

మూడే మాటలు. తర్వాత కూర్చున్నాడు. చాయ్ వచ్చింది, చల్లారింది, మీద మీగడ కట్టింది. కోడి ఒకటి లోపలికొచ్చి, అందర్నీ చూసి, విసుగొచ్చి పోయింది. స్తెఫను నోటి నుంచి వచ్చిన తడబాటు మాటలు తెర మీది పిచ్చి గీతల్లాగే ఉన్నాయి. క్రిస్టీనా మాట అందించబోతే ప్రేమదాసు కేబుల్ కొనతో ఆమె మోచేతి మీద కొట్టాడు.

“ఖ…” అన్నాడు స్తెఫను. చాలాసేపటికి, “రా… బు…”

ఆనందమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. “చూడు అన్నా, తానే ఒప్పుకుంటుండు!”

“ఆగు చెల్లే. ఇంకా ఎంటర్ కొట్టలే.”

స్తెఫను వేలితో మంచం పట్టె మీద కొడుతూ మిగతాది పూర్తిచేశాడు. “కా… దు.”

ఖరాబుకాదు. ఒకప్పుడు ప్రేమదాసు పక్కన పనిచేసిన రోజుల్లో రోజుకు నలభైసార్లు విన్న మాటనే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నాడు మహానుభావుడు!

ప్రేమదాసు ముఖంలో గీత కూడా కదలలేదు. “ఇంగ్లీషుల అన్నీ చిన్నక్షరాలేనా?” అని అడిగాడు. స్తెఫను నవ్వాడు. నాలుగు నెలల తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

సాయంత్రానికి నెట్టు వచ్చింది. “నిజంగ స్తెఫనే చెప్పిండా?” అని ప్రిన్సిపాల్ మూడుసార్లు అడిగాడు. మూడోసారి అవునన్నాక, ఆ కాయితాన్ని నాలుగు మడతలు వేసి, ఊగుతున్న టేబుల్ కాలి కింద పెట్టాడు.

వారం తర్వాత దుకాణంలో క్రిస్టీనా ఆ డబ్బా తాలూకు పుస్తకం తిరగేస్తోంది. ముందున్న బొత్తాం నొక్కి పట్టి కరెంటు పెడితే పాస్‌వర్డ్ తెలియకుండానే లోపలికి పోవచ్చట. పది నిమిషాల పని. ఆ పేజీ అంచున ప్రేమదాసు చేతిరాత, ఎనిమిదేళ్ల కిందటి తేదీ.

“కాకా, గిది నీకు ఎరుకేనా?”

“ఎరుకే.”

“మరి పొద్దంత కల్హేర్‌ల ఎందుకు కూసున్నం?”

“గా బొత్తాం ఖరా…” ప్రేమదాసు నాలుక కరుచుకున్నాడు. గట్టిగా దగ్గాడు. “గా బొత్తాంకు, నా ఏలుకు స్పీడు కలువలే.”

క్రిస్టీనా పుస్తకం మూసింది. ఆయన కేబుల్ తీసి ఆమె మెడలో వేశాడు.

“ఇగ నువ్వు కల్హేర్ పో. మూలకున్న పాత డబ్బా పాస్‌వర్డ్ ఏందో స్తెఫన్ను అడిగి రా.”

“దానికి పాస్‌వర్డే లేదు గదా కాకా!”

“ఉన్నదని అడుగు. లేదంటే ఏం పెట్టాల్నో ఆయన్నే చెప్పమను. జల్దీ చెయ్యకు బిడ్డా, చాయ్ మీద మీగడ కట్టేదాక కూసో.”