రెండు ఖాళీ ఆకుబుట్టలు

పనసాకు ఆవిరికి మెత్తబడేటప్పుడు వచ్చే వాసన ఈ పొద్దున పక్కింటి వంటగదిలోంచి వచ్చింది. ఇడ్లీ పిండిని పనసాకు బుట్టల్లో పోసి పొట్టిక్కలు వండుతున్నారు. ఆ వాసనకి కరుణమ్మ టీచరుగారు గుర్తొచ్చి ఈ కాగితం ముందు కూర్చున్నాను. ఇది ఎప్పుడో రాయవలసింది. యాభై దాటేవరకూ నాకు అక్షరాలు రావు. బండారులంకలో మగ్గం పక్కన నూలు కండెలు చుడుతూ పెరిగినదాన్ని. అక్షరాలు వచ్చాక కూడా, నేను చేసిన తప్పును నా చేత్తో రాయడానికి సిగ్గేసింది.

టీచరుగారు అమలాపురంలో ఒక్కరే ఉండేవారు. బ్లడ్ క్యాన్సర్ అని తేలి మందులు మొదలయ్యాక నన్ను వంటకి పెట్టుకున్నారు. మా వైపు వడ్డించేవాళ్ళు ఎంత కావాలని అడగరు. అడిగితే పెట్టడం ఇష్టం లేదనుకుంటారు. "ఇంకొక్కటండీ, నా మీద ఒట్టు" అంటూ వేసేసేదాన్ని. "ఆయ్, వెయ్యమ్మా" అనేవారావిడ. కాసేపటికి వచ్చి చూస్తే రెండు ఆకుబుట్టలూ ఖాళీ. కడుపు బరువుగా ఉందంటే మందుల వేడి అనుకుని మజ్జిగ ఇచ్చేదాన్ని. ఆసుపత్రిలో డాక్టరుగారు తిండి సంగతి అడిగితే నేనే గొప్పగా ముందుకెళ్ళి, "పూటకి రెండు పొట్టిక్కలు తింటున్నారండి" అని చెప్పాను. ఆయన సంతోషించి గ్యాసు మాత్ర రాశారు. అలా రెండు నెలలు గడిచాయి. ఆవిడ జాకెట్లు మాత్రం వదులవుతూనే ఉన్నాయి.

ఒకరోజు పెరట్లో అరటిమొక్కల కింద పక్కింటి కోళ్ళు మూగి ఉన్నాయి. వెళ్ళి చూస్తే, నేను పొద్దున పెట్టిన పొట్టిక్కలే. ఒక మూల గిల్లి వదిలేసినవి.

"ఇదేంటండీ టీచరుగారూ?"

"రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది వరలక్ష్మీ. వదిలేస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని..."

"నేను చిన్నబుచ్చుకుంటే ఏమైపోద్దండీ? పక్కింటోళ్ళ కోళ్ళు బలిసేయి గానీ మీకేం ఒరిగిందండీ!"

ఆవిడ నవ్వారు. నవ్వుతూనే కడుపు పట్టుకున్నారు. డాక్టరుగారికి నేను చెప్పినదంతా అబద్ధమే కదా.

"ఎవరడిగినా బాగానే ఉందండి అనేస్తాను. నిజం చెప్పడం నా వల్ల కాదు. పూటకి ఎంత తిన్నానో నువ్వు రాయి" అన్నారు ఆవిడ.

"నాకు రాయడం రాదు కదండీ."

"ముప్పై ఏళ్ళు అల్లరి పిల్లలకి నేర్పేను. నువ్వెంత!"

అమ్మ, ఆవులతో మొదలుపెట్టలేదు మేము. పావు, సగం, నొప్పి, వాంతి. ముందు ఆ నాలుగు మాటలే ఒక నోటు పుస్తకంలో రాయించి నేర్పారు. ఒక పూట నేను 'సగం' అని రాస్తే చూసి, "తిన్నది పావే. జాలిపడి రాయకు" అని చెరిపించారు.

తర్వాతిసారి ఆసుపత్రిలో ఆవిడ అలవాటుగా "ఆయ్, బాగానే ఉందండి" అన్నారు. నేను ఆ పుస్తకం తీసి డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన పేజీలు తిప్పారు.

"రెండేసి తింటున్నారని మీరే చెప్పేరు కదమ్మా?"

"ఖాళీ బుట్టలు లెక్కపెట్టి చెప్పేనండి. తప్పయిపోయింది."

ఆయన కోప్పడలేదు. నోట్లోంచి గొట్టం వేసి కడుపు చూశారు, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు వచ్చాక చెప్పారు: జబ్బు కడుపు గోడలోకి కూడా వచ్చింది, అందుకే అది సాగక రెండు ముద్దలకే నిండిపోతోంది. "మందుల వల్లేనని ఊరుకునేవాళ్ళం. ఇప్పుడు తెలిసింది కాబట్టి మందు మారుద్దాం" అన్నారు.

ఆ తర్వాతి నెలలు తేలిగ్గా గడవలేదు. కానీ నెమ్మదిగా పావు సగమైంది, సగం ఒకటైంది. ఇప్పుడు ఆవిడ రాజోలులో చెల్లెలుగారింట్లో ఉంటున్నారు. ఒత్తులు సరిగ్గా రాస్తున్నానా లేదా అని ఇప్పటికీ ఫోనులో దబాయిస్తారు. నేను ఎవరికి వడ్డిస్తున్నా గరిటె ఒక్క క్షణం ఆపి వాళ్ళ ముఖంలోకి చూస్తాను. ఆ అలవాటు రిపోర్టు వచ్చిన మర్నాటి నుంచి పట్టుకుంది.

ఆ మర్నాడు పొద్దున ఆవిడ ముందు కంచం పెట్టి, బుద్ధెరిగాక ఎవరినీ అడగని మాట అడిగాను.

"ఎంత పెట్టమంటారండీ?"

ఆవిడ కడుపు తడిమి చూసుకుని, "ఒక్క ముద్ద" అన్నారు.

ఒక్క ముద్దే పెట్టాను. గిన్నె మీద మూత వేసి, ఆవిడ పక్కన కూర్చున్నాను.